టీనేజీ పిల్లల ఆరోగ్య అక్షరాస్యతను కొలవడం ఎలా? మొదటి ప్రశ్న నుంచి రిపోర్టు దాకా

పదిహేనేళ్ల అమ్మాయి చేతికి మందు సీసా ఇచ్చి "దీని మీద రాసింది అర్థమైందా?" అని అడిగితే, "ఆ, అర్థమైంది" అంటుంది. "సరే, అయితే ఒక్కసారికి ఎంత తాగాలి?" అని అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. రెండూ ఆరోగ్య అక్షరాస్యతకు సంబంధించిన ప్రశ్నలే. కానీ మొదటిది ఆ అమ్మాయికి తన మీద ఉన్న నమ్మకాన్ని కొలుస్తుంది, రెండోది ఆమె నిజంగా చేయగలిగినదాన్ని కొలుస్తుంది. టీనేజీ పిల్లల మీద జరిగే సర్వేల్లో ఎక్కువ భాగం మొదటి రకం ప్రశ్నలతోనే సరిపెట్టుకుని, ఫలితాలను మాత్రం రెండో రకం అన్నట్టుగా చెబుతాయి. ఈ మార్గదర్శిలో నేను ప్రతి అడుగులోనూ పట్టుబట్టేది ఈ తేడా గురించే.

బడుల్లో ఆరోగ్య కార్యక్రమాలు నడిపేవారికి, ప్రజారోగ్యం చదువుతూ ప్రాజెక్టు చేస్తున్నవారికి, టీచర్లకు ఉపయోగపడేలా రాశాను. గణాంకశాస్త్రంలో లోతైన పరిచయం అక్కర్లేదు. ఎక్కడ స్టాటిస్టిషియన్ సాయం తీసుకోవాలో ఆ చోటే చెబుతాను.

మొదటి అడుగు: ఏం కొలుస్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

ఆరోగ్య అక్షరాస్యత అంటే ఆరోగ్యానికి సంబంధించిన పాఠాలు గుర్తుండడం మాత్రమే కాదు. 2000లో ప్రజారోగ్య పరిశోధకుడు డాన్ నట్‌బీమ్ దీన్ని మూడు స్థాయిలుగా విడదీశారు. చదివి అర్థం చేసుకుని పాటించగలగడం మొదటిది. డాక్టరుతోనో, ఇంట్లోవాళ్లతోనో మాట్లాడి, ప్రశ్నలడిగి సమాచారం రాబట్టుకోవడం రెండోది. ఆ సమాచారం నిజమో కాదో, ఎవరి లాభం కోసం చెబుతున్నారో తూచి చూడగలగడం మూడోది. 2012లో క్రిస్టీన్ సోరెన్‌సెన్ బృందం మరో చట్రం ఇచ్చింది. సమాచారాన్ని వెతకడం, అర్థం చేసుకోవడం, బేరీజు వేయడం, వాడుకోవడం అనే నాలుగు పనులను వైద్యం, వ్యాధి నివారణ, ఆరోగ్యాన్ని పెంపొందించుకోవడం అనే మూడు రంగాలకు వర్తింపజేస్తే పన్నెండు గళ్ల పట్టిక వస్తుంది.

ఆ పట్టిక కాగితం మీద గీసుకుని, మీకు నిజంగా కావాల్సిన గళ్లకు టిక్ పెట్టండి. పన్నెండింటికీ టిక్ పెట్టాలనిపిస్తే, మీ ప్రశ్న ఇంకా తేలలేదన్నమాట. "మా దగ్గరి 13 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఆన్‌లైన్‌లో కనిపించే ఆరోగ్య సలహాను నమ్మాలా వద్దా అని ఎలా తేల్చుకుంటున్నారు?" అన్నది కొలవదగ్గ ప్రశ్న. "పిల్లల ఆరోగ్య అక్షరాస్యత ఎలా ఉంది?" అన్నది కొలవదగ్గ ప్రశ్న కాదు.

కొలత పూర్తయ్యాక ఏ నిర్ణయం తీసుకుంటారో కూడా ఇప్పుడే రాసుకోవాలి. స్కోరు తక్కువ వస్తే ఏం మారుస్తారు, ఎక్కువ వస్తే ఏం మానేస్తారు? దీనికి జవాబు లేకపోతే పిల్లల సమయం తీసుకోకండి.

రెండో అడుగు: వయసు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కౌమారం అంటే 10 నుంచి 19 ఏళ్లు. ఈ పదేళ్లనూ ఒకే ప్రశ్నావళితో కొలవలేం. పదకొండేళ్ల పిల్లవాడి ఆరోగ్య నిర్ణయాలు చాలావరకు అమ్మానాన్నలవే. పదిహేడేళ్ల కుర్రాడు ఒక్కడే క్లినిక్‌కు వెళ్లగలడు, మందుల షాపులో మాట్లాడగలడు. అందుకే "డాక్టరు ఇచ్చిన సలహా మీద రెండో అభిప్రాయం తీసుకోవడం మీకు ఎంత సులువు?" లాంటి ప్రశ్న చిన్న వయసు వాళ్లకు పొసగదు. వాళ్లు ఆ పని ఎప్పుడూ చేసి ఉండరు కాబట్టి ఊహించి ఏదో ఒక గడిలో టిక్ పెడతారు, మీరు దాన్ని డేటా అనుకుంటారు.

వయసు పరిధిని రెండు మూడేళ్లకు కుదించండి. కుదరకపోతే వయసువారీగా విడివిడిగా విశ్లేషించేంత మందిని తీసుకోండి.

మూడో అడుగు: ఉన్న కొలమానాల్లో నుంచి ఎంచుకోండి

సొంత ప్రశ్నావళి తయారు చేద్దామన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది. కానీ అది ఏళ్ల పని. ముందుగా ఇప్పటికే పరీక్షకు నిలిచిన వాటిని చూడండి.

ఫిన్లాండ్‌లో లీనా పాక్కరి బృందం 2016లో ప్రచురించిన హెచ్‌ఎల్‌ఎస్‌ఏసీ అనే ప్రశ్నావళి బడి పిల్లల కోసమే చేసినది. పదే వాక్యాలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. సైద్ధాంతిక జ్ఞానం, ఆచరణ జ్ఞానం, విమర్శనాత్మక ఆలోచన, తన గురించి తాను తెలుసుకోవడం, పౌర బాధ్యత అనే ఐదు కోణాలకు రెండేసి వాక్యాలు ఉంటాయి. ఐరోపాలో, కెనడాలో బడి పిల్లల ఆరోగ్య అలవాట్ల మీద జరిగే హెచ్‌బీఎస్‌సీ అధ్యయనం 2017-18 విడతలో పది దేశాల్లో దీన్ని వాడారు. పెద్ద సర్వేలో చిన్న భాగంగా పెట్టాలంటే ఇంతకంటే తేలికైనది దొరకడం కష్టం.

జర్మనీలో 14 నుంచి 17 ఏళ్ల వారి కోసం తయారైన మోహ్లా ప్రశ్నావళిలో 29 అంశాలు, నాలుగు స్కేళ్లు ఉన్నాయి. ఇరాన్‌లో తయారైన హెల్మాలో 44 అంశాలు, ఎనిమిది విభాగాలు ఉన్నాయి. అందులో అంకెలతో పని కూడా ఒక విభాగం. లోతుగా చూడాలనుకునేవారికి ఇవి నయం, కానీ ఒక క్లాసు పీరియడ్‌లో ఇతర ప్రశ్నలతో కలిపి పూర్తి చేయించడం కష్టమవుతుంది.

ఇంటర్నెట్ గురించే అయితే ఈ-హీల్స్ ఉంది: 8 వాక్యాలు, 5 జవాబులు, స్కోరు 8 నుంచి 40. ఇది 2006 నాటిదని మాత్రం మరచిపోవద్దు. అప్పట్లో పిల్లలు సమాచారాన్ని వెతుక్కుంటూ వెళ్లేవారు. ఇప్పుడు వీడియోలే వాళ్లను వెతుక్కుంటూ వస్తున్నాయి. 2017 నాటి డీహెచ్‌ఎల్‌ఐలో గోప్యత కాపాడుకోవడం, సొంతంగా పోస్టు రాయడం లాంటి నైపుణ్యాలు కూడా ఉన్నాయి. అయితే దాన్ని పెద్దవాళ్ల కోసం చేశారు కాబట్టి టీనేజీ పిల్లలతో ముందు పరీక్షించి చూడాలి.

ఇవన్నీ ప్రధానంగా "నేను చేయగలను" అని పిల్లలే చెప్పుకునే రకం. చేయించి చూసేవి వేరే ఉన్నాయి. రియల్మ్-టీన్‌లో 66 ఆరోగ్య సంబంధ పదాలను పైకి చదివిస్తారు. అది ఇంగ్లీషు ఉచ్చారణ మీద ఆధారపడింది. రాసింది రాసినట్టు పలికే భాషల్లో అర్థం తెలియకపోయినా పదం చదివేయవచ్చు కాబట్టి దాన్ని అక్కడ వాడడం దండగ. న్యూయెస్ట్ వైటల్ సైన్ అనే 2005 నాటి పరీక్షలో ఐస్‌క్రీమ్ డబ్బా మీది పోషక వివరాలు చూపించి ఆరు ప్రశ్నలు అడుగుతారు. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ సరైన జవాబులొస్తే సరిపడా నైపుణ్యం ఉన్నట్టు, రెండు మూడు వస్తే తక్కువగా ఉండే అవకాశం ఉన్నట్టు, ఒకటి లేదా సున్నా వస్తే తక్కువగా ఉండే అవకాశం బాగా ఎక్కువ ఉన్నట్టు లెక్క.

నా సలహా: చెప్పుకునే రకం నుంచి ఒకటి, చేయించే రకం నుంచి ఒకటి, రెండూ కలిపి వాడండి. ఈ రెండు స్కోర్లూ తరచూ ఒకదానితో ఒకటి పెద్దగా కలవవు. అలా కలవకపోవడమే మీకు దొరికే విలువైన సమాచారం. నమ్మకం ఎక్కువ, నైపుణ్యం తక్కువ ఉన్న పిల్లలకు ఒక రకం సాయం కావాలి. నైపుణ్యం ఉండి కూడా "నాకు రాదు" అనుకునే పిల్లలకు మరో రకం సాయం కావాలి. ఒక్క ప్రశ్నావళితో ఈ రెండు గుంపులూ కనిపించవు.

ఏది ఎంచుకున్నా, వాడుకోవడానికి తయారు చేసినవారి అనుమతి ఈమెయిల్ ద్వారా తీసుకుని దాచిపెట్టుకోండి.

నాలుగో అడుగు: చేయించి చూసే ప్రశ్నలు

ఉన్న పరీక్ష మీ పిల్లలకు సరిపోకపోతే ఈ ఒక్కచోట మాత్రం సొంతంగా తయారు చేసుకోవచ్చు. ఒక ఊహాత్మక మందు లేబుల్ రాయండి: "5 మి.లీ.లో 250 మి.గ్రా. మందు ఉంది. ఒక్కసారికి 500 మి.గ్రా. తీసుకోవాలి. రెండు మోతాదుల మధ్య కనీసం 6 గంటలు ఆగాలి. 24 గంటల్లో 4 సార్లకు మించరాదు. సీసాలో 60 మి.లీ."

ఇప్పుడు ప్రశ్నలు. ఒక్కసారికి ఎన్ని మి.లీ. తీసుకోవాలి? ఉదయం 8 గంటలకు తీసుకుంటే మళ్లీ ఎప్పుడు తీసుకోవచ్చు? సీసాలో ఎన్ని మోతాదులున్నాయి? జలుబు మాత్రలో కూడా ఇదే మందు ఉంటే రెండూ కలిపి వేసుకోవచ్చా, ఎందుకు? జవాబులు వరుసగా 10 మి.లీ., మధ్యాహ్నం 2 తర్వాత, 6 మోతాదులు, వేసుకోకూడదు.

సరైనదా తప్పా అని మాత్రమే నమోదు చేసి ఊరుకోవద్దు. రాసిన జవాబును ఉన్నదున్నట్టు ఎక్కించండి. మొదటి ప్రశ్నకు "5" అని రాసిన పిల్ల లేబుల్ మీది మొదటి అంకెను తీసుకుంది, పూర్తిగా చదవలేదు. "500" అని రాసిన పిల్లవాడు మిల్లీగ్రాముకూ మిల్లీలీటరుకూ తేడా పట్టుకోలేదు. "20" అని రాసినవారు లెక్క వేశారు, కానీ గుణకారంలో తప్పారు. మూడూ తప్పులే, మూడింటికీ మందు వేరు. రేపు పాఠం తయారు చేసే టీచరుకు మొత్తం స్కోరు కంటే ఈ వివరమే ఎక్కువ పనికొస్తుంది.

విమర్శనాత్మక స్థాయిని, అంటే నట్‌బీమ్ చెప్పిన మూడోదాన్ని చూడాలంటే రెండు సమాచార ముక్కలు పక్కపక్కన పెట్టండి. ఒకటి మూడు రోజుల్లో మొటిమలు పోతాయని చెప్పే వీడియో స్క్రీన్‌షాట్, కింద కొనుగోలు లింకు. రెండోది మొటిమల గురించి చర్మవైద్యులు రాసిన, తేదీ ఉన్న, అంత ఆకర్షణీయంగా లేని పేజీ. "ఏది నమ్ముతావు?" అని అడిగితే అందరూ రెండోదే అంటారు, బడిలో ఏ జవాబు కావాలో వాళ్లకు తెలుసు. దాని బదులు "ఇది ఎవరు చెబుతున్నారు? చెప్పినందుకు వాళ్లకు ఏం వస్తుంది? నిజమో కాదో తేల్చుకోవడానికి నువ్వు తర్వాత ఏం చేస్తావు?" అని అడగండి. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు ఇచ్చేలా ముందే నియమాలు రాసుకోవాలి. "గూగుల్‌లో చూస్తా" అంటే 1, ఎక్కడ ఏం చూస్తారో చెబితే 2, ఇలా. ఇద్దరు విడివిడిగా మార్కులు వేయాలి. ఇద్దరి మధ్య ఏకీభావాన్ని కాపా అనే గణాంకంతో చూస్తారు. అది 0.6 కంటే తక్కువ వస్తే లోపం పిల్లల్లో లేదు, మీ నియమాల్లో ఉంది.

ఐదో అడుగు: భాష మార్చడం, పిల్లలతో చదివించి చూడడం

వేరే భాషలోని ప్రశ్నావళి అయితే ఇద్దరు విడిగా అనువదించాలి, రెండింటినీ కలిపి ఒకటి చేయాలి, అసలు ప్రతి చూడని మరొకరు దాన్ని తిరిగి మూలభాషలోకి మార్చాలి. తర్వాత నిపుణుల బృందం ప్రతి ప్రశ్నకూ అది సంబంధం ఉన్నదా లేదా అని మార్కులు వేస్తుంది. ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువమంది నిపుణులుంటే, కనీసం 78 శాతం మంది సరేనన్న ప్రశ్నలనే ఉంచడం ఆనవాయితీ. ఇంతవరకు అందరూ చేస్తారు. అసలైన పని ఆ తర్వాతిది, చాలామంది వదిలేసేదీ అదే.

పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ప్రశ్న చదివించి, మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమనాలి. దీన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. సంభాషణ ఇలా ఉండవచ్చు:

"నా ఆరోగ్యం గురించి నాకు మంచి సమాచారం ఉంది. ఈ వాక్యం నీ మాటల్లో చెప్పమ్మా."
"అంటే నాకు ఏ జబ్బూ లేదని."
"మరి నువ్వు దేనికి టిక్ పెట్టావు?"
"పూర్తిగా నిజం అని. నాకేం లేదు కదా మేడం."

ఇక్కడ ఆ అమ్మాయి తన ఆరోగ్యం గురించి జవాబిచ్చింది, తన సమాచారం గురించి కాదు. స్కోరు పట్టికలో మాత్రం ఆమెకు 4 పడుతుంది. వెయ్యి మందిని సర్వే చేసినా ఈ పొరపాటు తగ్గదు, వెయ్యింతలు అవుతుంది. పదిహేను మంది పిల్లలతో, అందులోనూ చదువులో వెనకబడినవాళ్లతో తప్పనిసరిగా, ఈ ఇంటర్వ్యూలు చేస్తే ఇలాంటివి చాలావరకు దొరుకుతాయి. మార్చిన ప్రశ్నలతో మరో విడత కూడా చేయండి. పెద్దల కోసం చేసిన 47 ప్రశ్నల హెచ్‌ఎల్‌ఎస్-ఈయూను జర్మనీలో టీనేజీ పిల్లలతో ఇలా చదివించి చూసినప్పుడు, వాళ్లకు అనుభవంలో లేని సందర్భాలు, అర్థం కాని మాటలు బయటపడ్డాయి. మోహ్లా తయారీకి అది పునాది అయింది.

గమనించాల్సినవి కొన్ని: "తరచుగా", "అవసరమైనప్పుడు" లాంటి మాటలు ఒక్కొక్కరికీ ఒక్కోలా తోస్తాయి. ఒకే వాక్యంలో రెండు సంగతులుంటే పిల్లలు సులువైనదానికి జవాబిస్తారు. వ్యతిరేకార్థక వాక్యాలను హడావిడిలో తలకిందులుగా చదువుతారు.

ఆరో అడుగు: అనుమతులు, శాంపిల్

పరిశోధనలను పరిశీలించే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) ఆమోదం, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల సొంత అంగీకారం, ఈ మూడూ కావాలి. పిల్లలు మధ్యలో మానేసినా ఏమీ కాదని టీచరు ఎదుట కాకుండా చెప్పండి. పేర్లు వద్దు, కోడ్ నంబర్లు చాలు.

ఎంతమంది కావాలి? ఒక శాతాన్ని 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూగా అంచనా వేయాలంటే 384 మంది అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్క పిల్లల్ని ఒక్కొక్కరిగా చీటీ తీసి ఎంచుకున్నప్పటిది. మీరు తరగతులను ఎంచుకుంటారు, ఒకే తరగతి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు. కాబట్టి డిజైన్ ఎఫెక్ట్‌తో గుణించాలి. తరగతికి 30 మంది, వారి మధ్య పోలిక (ఇంట్రాక్లాస్ కోరిలేషన్ అనే గణాంకం) 0.05 అనుకుంటే అది 1 + 29 × 0.05 = 2.45. 384ను దానితో గుణిస్తే 941. పది శాతం మంది జవాబివ్వరనుకుంటే 1,046 మంది, అంటే దాదాపు 35 తరగతులు. బడి మానేసిన పిల్లలు ఈ లెక్కలో లేరని రిపోర్టులో స్పష్టంగా రాయండి. ఆరోగ్య సమాచారం అందరికంటే ఎక్కువ అవసరమైనది బహుశా వాళ్లకే. వీలైతే వాళ్ల కోసం విడిగా ఒక చిన్న అధ్యయనం పెట్టుకోండి.

ఏడో అడుగు: సర్వే రోజు

"ఇది పరీక్ష కాదు, మార్కులుండవు" అని మొదటే చెప్పండి. టీచరు తరగతిలో తిరగకూడదు. వాళ్లు పక్కన నిలబడితే పిల్లలకు టెన్షన్, జవాబులు "మంచి పిల్ల" జవాబులుగా మారిపోతాయి. చదవడం ఇబ్బందయ్యే పిల్లలకు ప్రశ్నలు పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉండాలి. కానీ చదివే నైపుణ్యమే మీరు కొలుస్తున్నదైతే ఆ భాగాన్ని మాత్రం చదవకండి.

చేయించే ప్రశ్నలను ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? వెనకే. లెక్క రాక తడబడిన పిల్ల ఆ తర్వాత అన్నిటికీ "నాకు రాదు" అని టిక్ పెట్టే ప్రమాదం ఉంది.

ఎనిమిదో అడుగు: స్కోరు

హెచ్‌ఎల్‌ఎస్‌ఏసీలో పది జవాబుల్నీ కూడితే 10 నుంచి 40 వస్తుంది. 25 దాకా తక్కువ, 26 నుంచి 35 మధ్యస్థం, 36 ఆపైన ఎక్కువ. 4, 3, 3, 4, 2, 3, 3, 2, 3, 4 అని పెట్టిన పిల్లవాడికి 31, అంటే మధ్యస్థం. కోణానికి రెండే వాక్యాలున్నాయి కాబట్టి "విమర్శనాత్మక ఆలోచనలో బలహీనం" లాంటి తీర్పులు ఆ రెంటి మీద ఇవ్వకండి. హెచ్‌ఎల్‌ఎస్-ఈయూ కుటుంబానికి చెందినవి వాడితే సగటులోంచి 1 తీసేసి 50/3తో గుణిస్తారు, స్కోరు 0 నుంచి 50 మధ్య వస్తుంది.

ఈ హద్దులు వేరే చోట్ల, వేరే పిల్లల మీద తేలినవి. మీ దగ్గర "తక్కువ" గుంపులో ఇంత శాతం ఉన్నారని చెప్పేటప్పుడు ముడి స్కోర్ల సగటు, వ్యాప్తి కూడా ఇవ్వండి.

తర్వాత రెండు స్కోర్లనూ నాలుగు గళ్ల పట్టికలో పెట్టండి: నమ్మకం ఎక్కువ-తక్కువ ఒక పక్క, నైపుణ్యం ఎక్కువ-తక్కువ మరో పక్క. ఏ గడిలో ఎవరున్నారో, వయసు, అబ్బాయి-అమ్మాయి, కుటుంబ ఆర్థిక స్థితి వారీగా చూడండి. నాకు తెలిసి ఈ పట్టిక ముందు పెట్టుకున్నప్పుడే టీచర్లు, హెల్త్ వర్కర్లు నిజంగా మాట్లాడుకోవడం మొదలుపెడతారు.

తొమ్మిదో అడుగు: కొలమానాన్ని కూడా కొలవండి

మీ పిల్లల మీద ఈ ప్రశ్నావళి సరిగా పనిచేసిందా? ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటితే గుంపుల్ని పోల్చడానికి సరిపోతుంది. ఒక్కో పిల్లవాడి గురించి నిర్ణయం తీసుకోవడానికి 0.9 దాకా కావాలంటారు, పది ప్రశ్నలతో అది అందడం అరుదు. కాబట్టి ఈ స్కోరు చూసి ఎవరినీ ఒంటరిగా వేరు చేయకండి. కొంతమంది పిల్లలకు రెండు వారాల తర్వాత మళ్లీ ఇచ్చి జవాబులు నిలకడగా ఉన్నాయో చూడండి. 15 శాతం కంటే ఎక్కువమందికి గరిష్ఠ స్కోరే వస్తే, పైస్థాయి పిల్లల మధ్య తేడాను మీ కొలమానం పట్టుకోలేకపోతోంది.

అబ్బాయిల్ని, అమ్మాయిల్ని, లేదా రెండు భాషల పిల్లల్ని పోల్చే ముందు రెండు గుంపులూ ప్రశ్నల్ని ఒకేలా అర్థం చేసుకున్నాయో లేదో పరీక్షించాలి. దీన్ని మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్ అంటారు. ఇక్కడ స్టాటిస్టిషియన్‌ను కలవండి. అది తేలకుండా "అమ్మాయిల స్కోరు ఎక్కువ" అని రాస్తే అది తేడా కావచ్చు, ప్రశ్న చదివిన తీరు కావచ్చు.

పదో అడుగు: ఫలితాలు ఎవరికి, ఎలా చెప్పాలి

బడులకు ర్యాంకులు ఇవ్వకండి. ఒక్కసారి ఇస్తే వచ్చే ఏడాది టీచర్లు పిల్లలకు జవాబులు నేర్పిస్తారు, మీ కొలమానం అక్కడితో పనికిరాకుండా పోతుంది.

రిపోర్టులో తప్పును ఎక్కడ పెడుతున్నారో జాగ్రత్తగా చూసుకోండి. సగం మంది పిల్లలు లేబుల్ తప్పుగా చదివితే, పిల్లలకు చదవడం రాదు అనడం ఒక ముగింపు, లేబుల్ సరిగా రాయలేదు అనడం మరో ముగింపు. రెండోదాన్ని కూడా పరీక్షించవచ్చు: అదే సమాచారాన్ని సరళంగా రాసి, "ఒక్కసారికి 10 మి.లీ." అని నేరుగా పెట్టి, సగం తరగతులకు అది ఇచ్చి చూడండి. తప్పులు తగ్గితే ఆరోగ్య శాఖలకు, మందుల కంపెనీలకు, పాఠ్యపుస్తకాలు రాసేవారికి మీరు చెప్పాల్సిన మాట దొరికినట్టే.

పిల్లలకు కూడా ఫలితాలు చెప్పండి, వాళ్లకు అర్థమయ్యే ఒక్క పేజీలో. వాళ్లెందుకు అలా జవాబిచ్చారో అప్పుడు వాళ్లే చెబుతారు. అది రాసుకోండి.

కార్యక్రమం నడిపాక మళ్లీ కొలవాలంటే ప్రశ్నావళి అదే ఉంచి, చేయించే ప్రశ్నల్లో మాత్రం అంకెలు, సందర్భాలు మార్చిన రెండో రూపం వాడాలి. ఆ రెండో రూపాన్ని మొదటి సర్వేకు ముందే తయారు చేసి, రెండూ సమాన కష్టంతో ఉన్నాయో లేదో చిన్న గుంపుతో సరిచూసి దాచిపెట్టుకోండి. పోలికకు కార్యక్రమం జరగని తరగతులు కొన్ని ఉండాలి. పిల్లలు ఏడాది పెద్దవాళ్లయినందుకే స్కోరు కొంత పెరగవచ్చు. ఆ తరగతులు లేకపోతే, ఆ పెరుగుదల వయసు వల్ల వచ్చిందా, మీ కార్యక్రమం వల్లా అన్నది చెప్పలేరు.